ముప్పై సెకన్లలో పన్నెండు సార్లు

విజయనగరం,
ఆదివారం మధ్యాహ్నం.

ఒరే బావా,

నిన్న ఫోన్లో షుగర్ రిపోర్టు సంగతి చెప్పి, "డాక్టరు నడవమన్నారు గానీ ఎక్కడ కుదురుతుందిరా" అని మాట మార్చేశావు. నేనూ అప్పటికి ఊరుకున్నాను. రాత్రి పడుకున్నా అదే గుర్తొస్తోంది. ఫోన్లో చెబితే మధ్యలో అడ్డుపడతావు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. చివరిదాకా చదువు.

ముందు నా సంగతి చెప్పాలి. ఇంతవరకు నీతో అనలేదు. ఈ ఏడాది వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని రామతీర్థం వెళ్ళాం. కింద దర్శనం అయ్యాక కొండ మీద కోదండరాముడి గుడికి వెళ్దామన్నారు పిల్లలు. నువ్వూ నేనూ చిన్నప్పుడు పందెం వేసుకుని ఎక్కిన మెట్లే కదా అని నేనూ బయల్దేరాను. సగం దూరం కూడా పోలేదు, ఊపిరి అందలేదు. పక్కనున్న బండరాయి మీద కూర్చుండిపోయాను. గుండె చప్పుడు చెవుల్లో వినిపిస్తోంది. అప్పటికే పైకి వెళ్ళిపోయిన మా చిన్నది గబగబా దిగొచ్చి, నీళ్ళ సీసా మూత తీసి చేతికిచ్చి, "నాన్నా, ఛాతీలో నొప్పిగా ఉందా?" అంది. సీసా పట్టుకున్న దాని చెయ్యి వణుకుతోంది బావా. మా నాన్న ఎలా పోయారో దానికి తెలుసు, నీకూ తెలుసు.

మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. బీపీ, షుగర్, ఈసీజీ అన్నీ చూశారు. "గుండెకి ఏమీ లేదు. ఒంటికి పని తప్పిపోయింది, అంతే. మెల్లగా మొదలుపెట్టండి" అన్నారు. నువ్వూ ఈ వరస తప్పకూడదు. నడిస్తే ఛాతీలో పట్టేసినట్టు ఉన్నా, కళ్ళు తిరుగుతున్నా, ముందు డాక్టరుకి చూపించుకున్నాకే మిగతావన్నీ.

మొదలుపెట్టేముందు నేనెక్కడున్నానో చూసుకుందామనుకున్నాను. దీనికి జిమ్మూ వద్దు, మిషన్లూ వద్దు. గోడ గడియారం, మీ చెల్లెమ్మ కుట్టు మిషను టేపు, చేతుల్లేని కుర్చీ ఒకటి, ఇవి చాలు.

పొద్దున్న మెలకువ రాగానే, మంచం దిగకముందే, మణికట్టు దగ్గర రెండు వేళ్ళు ఆనించి నాడి లెక్కపెట్టాను. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే నిమిషం లెక్క వస్తుంది. నాకు 84 వచ్చింది. మామూలుగా 60కీ 100కీ మధ్య ఉండాలంటారు కాబట్టి భయపడాల్సింది లేదు. కానీ ఒంటికి పని అలవాటైనకొద్దీ గుండె ఒక్కో కొట్టుకి ఎక్కువ రక్తం పంపుతుంది, అందుకని నాడి నెమ్మదిస్తుంది. కాబట్టి అంకె కన్నా అది ఎటు కదులుతోందన్నదే చూడాలి.

తర్వాత నడుము కొలత. ఇక్కడే మనందరం పొరబడతాం. నా ప్యాంటు సైజు 34, అదే నా నడుమనుకునేవాణ్ణి. ప్యాంటు కట్టుకునేది పొట్ట కింద కదా! టేపు పెట్టాల్సింది చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పైఅంచుకీ సరిగ్గా మధ్యన. పొట్ట లోపలికి పీల్చకుండా, మామూలుగా ఊపిరి వదిలి చూసుకోవాలి. అలా చూస్తే 98 సెంటీమీటర్లు వచ్చింది. మన దేశంలో మగవాళ్ళకి 90, ఆడవాళ్ళకి 80 దాటితే జాగ్రత్తపడాలని చెబుతారు. బరువు కన్నా ఈ కొలతే నాకు ఎక్కువ చెప్పింది. పొట్ట లోపల అవయవాల చుట్టూ పేరుకునే కొవ్వే షుగరుకీ గుండెజబ్బుకీ దారి తీస్తుంది. నీ పొట్ట సంగతి నాకు తెలుసు, అందుకే ఇంతగా చెబుతున్నాను.

ఇక కుర్చీ. దాన్ని గోడకి ఆనించి, రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకుని, ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలమో లెక్క. మా చిన్నది గడియారం చూస్తూ నిలబడింది. మొదటి ఆరుసార్లు సులువుగానే లేచాను. తొమ్మిదో సారికి తొడలు మండాయి. పన్నెండు దగ్గర "టైమ్ అయిపోయింది" అంది. అరవై నుంచి అరవై నాలుగేళ్ళ మగవాళ్ళు 14 కన్నా తక్కువసార్లు లేస్తే సగటుకి తక్కువని లెక్కట. నాకింకా యాభై రెండే. ఆ రోజు మధ్యాహ్నం అన్నం సహించలేదు.

నాలుగు నెలల కిందటి మాట ఇది. ఇంక నీ "ఎక్కడ కుదురుతుంది" దగ్గరికొస్తాను. నేనూ పదేళ్ళు అదే మాట అన్నాను. అబద్ధమేమీ కాదు, ఆఫీసూ, అమ్మ మందులూ, పిల్లల చదువులూ అన్నీ నిజమే. కానీ అసలు అడ్డం వేరే ఉందని నాకు తర్వాత తెలిసింది. కసరత్తంటే మన మనసులో ఉన్న బొమ్మే ఆ అడ్డం. మనం ఎవరి కథలు విని పెరిగాం? వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గారివి. శ్రీకాకుళం జిల్లా ఆడపిల్ల కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చినప్పుడు వీధంతా స్వీట్లు పంచుకున్నాం. నెల్లిమర్ల పక్కన కొండవెలగాడలో పిల్లలు ఇప్పటికీ బరువులెత్తుతారు. వాళ్ళంటే నాకు ప్రాణం. కానీ కసరత్తంటే అలా ఉండాలి, తెల్లారి నాలుగింటికి లేవాలి, ఒళ్ళు హూనం చేసుకోవాలి, లేకపోతే అసలు వద్దు అని ఎప్పుడో తీర్మానించేసుకున్నాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది చూడు. పెద్దవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాలు కాస్త ఊపుగా నడిచినంత పని, వారంలో రెండు రోజులైనా కండరాలకి బలమిచ్చే పని. ఒకేసారి పది నిమిషాలు చేస్తేనే లెక్క అని ఇదివరకు అనేవారు, ఆ షరతు కూడా తీసేశారు. రెండు నిమిషాలు నడిచినా లెక్కే. ఊపుగా నడుస్తున్నామో లేదో తెలియడానికి వాచీ అక్కర్లేదు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడబోతే మాత్రం ఊపిరి చాలకూడదు.

నేను మొదటి వారం రాత్రి భోజనం అయ్యాక పది నిమిషాలు వీధి చివరిదాకా వెళ్ళొచ్చాను, అంతే. నీకైతే అదే మొదటి మందు. తిన్నాక నడిస్తే తొడలూ పిక్కలూ రక్తంలోని చక్కెరని వాడేసుకుంటాయి, తిన్నాక పెరిగే షుగరు కాస్త తగ్గుతుంది. రెండో వారం నుంచి పొద్దున్న అయ్యకోనేరు గట్టుకి వెళ్ళడం మొదలుపెట్టాను. ఇప్పుడు గంటస్తంభం మీదుగా కోట దాకా వెళ్ళి వెనక్కొస్తున్నాను.

సిగ్గు సంగతి కూడా చెప్పాలి. మూడో రోజు టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన "ఏటి బాబూ, డాక్టరు నడమన్నాడేటి?" అని అందరి ముందూ అడిగారు. ఆ ఒక్క మాటకి రెండు రోజులు గుమ్మం దాటలేదు. మూడో రోజు వెళ్ళి "అవునండి, రామతీర్థం మెట్లెక్కలేకపోయాను" అని ఉన్నది చెప్పాను. ఆయన గ్లాసు బల్ల మీద పెట్టి, "నాకూ మోకాళ్ళు పట్టేస్తన్నాయి బాబూ" అన్నారు. ఇప్పుడు కోనేరు దాకా నాతో వస్తున్నారు. మోకాళ్ళ నొప్పని కదలకపోతే తొడ కండరం కరిగి, బరువంతా కీలు మీదే పడుతుంది. అందుకని ఆయన చేత కూడా కుర్చీలో లేచి కూర్చోవడం చేయిస్తున్నాను, ముందు చేత్తో ఆసరా పట్టుకుని.

మీ చెల్లెమ్మ సంగతి నన్ను బాగా ఆలోచింపజేసింది. నడుద్దాం రమ్మంటే "పొద్దున్నించీ ఇంట్లో తిరుగుతూనే ఉన్నాను కదా, ఇంకా నడకేమిటి" అంది. నిజమే, ఆ తిరుగుడు వృథా పోదు. కానీ కుర్చీలో కూర్చోబెట్టి చూస్తే తొమ్మిదిసార్లకే ఆగిపోయింది. టిఫిను, క్యారేజీలు, అమ్మ చోడి (రాగి) అంబలి, ఇవన్నీ ముగిసేసరికి ఎండెక్కిపోతుంది, ఆవిడ ఎప్పుడు నడుస్తుంది? అడ్డం ఆవిడలో లేదు, నాలో ఉంది. ఇప్పుడు వారంలో నాలుగు రోజులు అంబలి కాచేదీ, క్యారేజీలు సర్దేదీ నేనే. తను పక్కింటావిడతో నడిచొస్తుంది. ఇంట్లో అక్కయ్యని కూడా అడుగు, తనకెందుకు కుదరడం లేదో.

వానాకాలం పది రోజులు బయటికి వెళ్ళలేకపోయాను. అప్పుడు ఇంట్లోనే కుర్చీ, గోడకి చేతులానించి తీసే దండీలు చేశాను. రోజు తప్పితే తప్పింది, మర్నాడు పట్టుకోవడమే.

ఇప్పటి లెక్క చెబుతున్నాను. నాడి 76. నడుము 94. కుర్చీ పదిహేడు. బరువు తగ్గింది రెండు కిలోలే, అయినా రాత్రి నిద్ర బాగా పడుతోంది.

నువ్వు షుగరు మాత్రలు వేసుకుంటున్నావు కాబట్టి రెండు జాగ్రత్తలు. కొన్ని మాత్రలకీ ఇన్సులిన్‌కీ నడకలో షుగరు బాగా పడిపోవచ్చు, నీ మాత్ర అలాంటిదేమో డాక్టర్ని అడుగు. ఎందుకైనా మంచిది, జేబులో గ్లూకోజు పొట్లం పెట్టుకో. చెప్పుల్లేకుండా నడవకు, రోజూ రాత్రి అరికాళ్ళు చూసుకో, బొబ్బ కనిపిస్తే నిర్లక్ష్యం చెయ్యకు.

రేపు పొద్దున్న మంచం దిగకముందు నాడి చూసుకుని, నడుము కొలుచుకుని, కుర్చీ లెక్క కూడా చూసి, మూడు అంకెలూ నాకు పంపు. ఎంత తక్కువొచ్చినా పంపు. నెలకోసారి నావీ నీకు పంపుతాను. పైడితల్లమ్మ సిరిమాను పండక్కి ఎలాగూ వస్తావు, ఒక రోజు ముందే రా. సోమవారం పొద్దున్న ఎండెక్కకముందే రామతీర్థం వెళ్దాం. ఎన్ని మెట్లైతే అన్ని ఎక్కుదాం, ఆయాసం వస్తే కూర్చుందాం, నీళ్ళ సీసా నేను తెస్తాను.

అమ్మ నిన్ను మరీమరీ అడిగానని రాయమంది. అక్కయ్యకి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు.

నీ,
బావ