ఒకే పార్టిషన్‌లో రెండు ఓఎస్‌లు వేయించకండి

సంపాదకులకు,

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం లేని పాత కంప్యూటర్లు విండోస్ 11కి అర్హం కావు. దాంతో ఉన్న విండోస్‌ను అలాగే ఉంచి, పక్కన లైనక్స్ అనే మరో ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) వేయించుకుందామనే ఆలోచన చాలామందికి వస్తోంది. మంచి ఆలోచనే. డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్, అనూ ఫాంట్ల పనికి విండోస్ ఉండి తీరాలి. దాన్ని నెట్‌కు దూరంగా ఉంచి, మెయిలు, బ్రౌజింగ్ లైనక్స్‌లో చేసుకోవచ్చు. చిక్కల్లా ‘సి డ్రైవ్‌లో ఖాళీ ఉందిగా, అందులోనే వేసెయ్యండి’ అనడంతో వస్తోంది.

పార్టిషన్ అంటే డిస్క్‌లో విడదీసిన ఒక భాగం, సి డ్రైవ్ అలాంటిదే. ఒక పార్టిషన్‌లో ఒకే ఫైల్ సిస్టమ్, అంటే ఫైళ్ళను అమర్చే పద్ధతి, ఉంటుంది. విండోస్‌కు ఎన్‌టీఎఫ్‌ఎస్ కావాలి, లైనక్స్‌ను మామూలుగా ఈఎక్స్‌టీ4 మీద వేస్తారు. సి డ్రైవ్‌నే ఎంచుకుని ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ కొడితే విండోస్‌తోపాటు ఫొటోలు, ఫైళ్ళు అన్నీ పోతాయి. రెండూ విండోస్‌లే అయినా కుదరదు. ఫార్మాట్ చేయకుండా రెండోది వేస్తే, సెటప్ పాత విండోస్, ప్రోగ్రామ్ ఫైల్స్, యూజర్స్ ఫోల్డర్లను విండోస్.ఓల్డ్‌లోకి నెట్టేస్తుంది. ఫైళ్ళు అందులో దొరుకుతాయి కానీ పాత విండోస్ ఇక బూట్ కాదు, అంటే తెరుచుకోదు. విండోస్ 98, ఎక్స్‌పీ రోజుల్లో ఒకే ఫ్యాట్32 పార్టిషన్‌లో రెండూ నడిచిన మాట నిజమే. అప్పుడు కూడా ఇద్దరికీ ప్రోగ్రామ్ ఫైల్స్ ఒక్కటే కావడంతో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్, అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ ఫైళ్ళ దగ్గర ఒకదాన్నొకటి చెడగొట్టుకునేవి.

డిస్క్ ఒక్కటే ఉన్నా ఫర్వాలేదు, పార్టిషన్లు వేరైతే చాలు. ముందు ముఖ్యమైన ఫైళ్ళు వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోవాలి. డిస్క్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసి, 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకోవాలి. బూట్ సెట్టింగులు మారగానే మెషిన్ ఆ కీ అడగవచ్చు. అది లేకపోతే డిస్క్‌లో ఉన్నదేదీ తెరుచుకోదు. పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసెయ్యాలి. అది ఉన్నంతకాలం షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. ఆ స్థితిలో లైనక్స్ నుంచి బలవంతంగా సి డ్రైవ్‌లో ఏదైనా రాస్తే ఫైళ్ళు పాడవుతాయి.

తర్వాత డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సి డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ష్రింక్ వాల్యూమ్ నొక్కాలి. అక్కడ లెక్క ఎంబీల్లో ఉంటుంది: 50 జీబీ కావాలంటే 51200 వేయాలి. వంద జీబీ ఖాళీ ఉన్నా పది జీబీయే ఇస్తానంటే, విండోస్ తన పనికి వాడుకునే, కదలని పేజ్ ఫైలు, హైబర్నేషన్ ఫైలు అడ్డు పడుతున్నట్టు. ఆ రెండూ తాత్కాలికంగా ఆపి రీస్టార్ట్ చేస్తే సాధారణంగా చోటు పెరుగుతుంది. ఖాళీ అయిన భాగం నల్ల పట్టీతో అన్‌అలొకేటెడ్ అని కనిపిస్తుంది. దాన్ని అలాగే వదిలెయ్యాలి, విండోస్‌లో ఫార్మాట్ చేయకూడదు.

లైనక్స్ పెన్‌డ్రైవ్‌ను విండోస్ ఏ మోడ్‌లో ఉందో, కొత్త యూఈఎఫ్ఐ పద్ధతి అయినా పాత లెగసీ అయినా, అదే మోడ్‌లో బూట్ చేయాలి. ఇన్‌స్టాలర్‌లో ‘డిస్క్ మొత్తం చెరిపి వేయి’ అన్న వరుసను పొరపాటున కూడా ముట్టుకోవద్దు. యూఈఎఫ్ఐ మెషిన్లలో బూట్ ఫైళ్ళుండే ఈఎఫ్ఐ పార్టిషన్ ఒక్కటి మాత్రం ఇద్దరూ పంచుకుంటారు. అందులో ఎవరి బూట్ ఫైళ్ళు వాళ్ళ ఫోల్డర్‌లో ఉంటాయి కాబట్టి గొడవ లేదు, దాన్ని ఫార్మాట్ చేయకపోతే చాలు. అసలు డిస్కే కనబడకపోతే బయోస్‌లో (మెషిన్ ఆన్ కాగానే తెరిచే సెట్టింగుల్లో) స్టోరేజ్ ఆర్‌ఎస్‌టీ లేదా రెయిడ్ మోడ్‌లో ఉందేమో చూడాలి. విండోస్‌ను సిద్ధం చేయకుండా దాన్ని లైనక్స్‌కు డిస్క్ కనిపించే ఏహెచ్‌సీఐ మోడ్‌కి మారిస్తే విండోస్ నీలి తెర చూపిస్తుంది. అంతా అయ్యాక, ఏ ఓఎస్ తెరవాలో అడిగే గ్రబ్ మెనూలో విండోస్ లేకపోతే కంగారు వద్దు. గ్రబ్ 2.06 నుంచి ఇతర ఓఎస్‌లను వెతికే ఓఎస్ ప్రోబర్ ముందే ఆపేసి ఉంటోంది, దాన్ని ఆన్ చేసి గ్రబ్‌ను అప్‌డేట్ చేస్తే సరి.

ఇంకొకటి మన గడియారం సంగతి. లైనక్స్ మదర్‌బోర్డు గడియారంలో యూటీసీ (మనకన్నా ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయం) రాస్తుంది, విండోస్ దాన్ని స్థానిక సమయం అనుకుంటుంది. అందుకే సాయంత్రం 6 గంటలకు విండోస్ తెరిస్తే మధ్యాహ్నం 12:30 చూపిస్తుంది. బ్యాటరీ మార్చనక్కరలేదు. లైనక్స్‌లో హార్డ్‌వేర్ గడియారాన్ని స్థానిక సమయానికి పెడితే చాలు.

పార్టిషన్ ముట్టుకోకుండా రెండో విండోస్ కావాలంటే వీహెచ్‌డీ ఫైలు (డిస్క్‌లా పనిచేసే ఒక ఫైలు) నుంచి బూట్ చేయవచ్చు. పెరిగే రకం ఫైలుకు 40 జీబీ హద్దు పెడితే, ఇప్పుడు 15 జీబీయే ఉన్నా, బూట్ అయ్యేటప్పుడు మొత్తం 40 జీబీకి సి డ్రైవ్‌లో చోటు ఉండాలి, లేకపోతే బూట్ కాదు.

సర్వీసు షాపుల వారికి ఒక విన్నపం. మెషిన్ చేతికి తీసుకునేటప్పుడే బ్యాకప్ ఉందా, బిట్‌లాకర్ కీ ఉందా అని అడిగి, జవాబు జాబ్‌కార్డు మీద రాసుకోండి. లేవంటే, ఆ రెండూ తెచ్చుకున్నాకే పని మొదలుపెట్టండి.

– ఒక కంప్యూటర్ హార్డ్‌వేర్ టెక్నీషియన్, విజయవాడ