ఫిజియోథెరపీ విద్యార్థుల సంఘం: 2025–26 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

సంఘం ఎందుకు పుట్టిందో మీకు తెలుసు కనుక నేరుగా విషయానికి వస్తాను. సెప్టెంబరు 8న ప్రపంచ ఫిజియోథెరపీ దినోత్సవాన్ని ఎప్పటిలాగే జరిపాం. మన వృత్తివారు పేరు ముందు ‘డాక్టర్’ అని పెట్టుకోకూడదంటూ మర్నాటి తేదీతోనే కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ లేఖ వెలువడింది. వెంటనే దాన్ని వెనక్కి తీసుకున్నారు. “అయితే మీది మాలిష్ చదువేనా?” అని చుట్టాలు అన్న మాటను మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

ఈ ఏడాది గర్వంగా చెప్పుకోవలసింది అక్టోబరు 10 సాయంత్రం గురించే. ప్రపంచ మానసిక ఆరోగ్య దినమని ఉపన్యాసం పెట్టలేదు. వ్యాయామ చికిత్స గదిలో మ్యాట్లు పరుచుకుని కూర్చున్నాం. అధ్యాపకులను పిలవలేదు, ఆ షరతు మీదే జూనియర్లు వచ్చారు. చాలాసేపు ఎవరూ నోరు విప్పలేదు. చివరికి ఒక ఇంటర్న్ మొదలుపెట్టింది. పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయనను నెలన్నరపాటు రోజూ మంచం మీంచి కుర్చీలోకి మార్చిందట. చేయి కదలలేదు. ఆయన పేరు పోయి, తన నోట ‘ఆరో మంచం’ అని వస్తోందని గమనించిన రాత్రి నిద్ర పట్టలేదట. ఆ తర్వాత ఒక్కొక్కరే మాట్లాడారు. రాత్రి రెండింటి దాకా రాసే రికార్డులు, స్టైపెండ్ రాక ఇంటికి ఫోను చేయలేని ఇంటర్న్‌షిప్, ఊరందరి నడుము నొప్పికీ వ్యాయామాలు చెబుతూ మనమే పట్టుకుని తిరిగే నడుము నొప్పి. అలసట, రోగి పట్ల నిర్లిప్తత, నా వల్ల ఏమీ కావడం లేదన్న భావన కలిస్తే దాన్నే బర్నవుట్ అంటారని, ఆ సాయంత్రం మాతో కూర్చున్న సైకాలజిస్టు గారు చెప్పారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416ను ఆ గది గోడకు అంటించాం. ఉచితం, 24 గంటలూ తెలుగులో మాట్లాడవచ్చు.

కళాశాలకు శాశ్వత కౌన్సెలర్ కావాలని మూడు వినతిపత్రాలు ఇచ్చాం. ఫైలు కదులుతోందన్నారు. దానికీ ఫిజియోథెరపీ అవసరమేమో! వాట్సాప్‌లో బొటనవేలు చూపిన సభ్యులకు కొదవ లేదు. మ్యాట్లు పరిచి, టీ గ్లాసులు కడిగినవారు నలుగురే. పేర్లు రాయవద్దని వారే కోరారు, రానివారి పేర్లు నేనే రాయడం లేదు.

జమాఖర్చుల పట్టిక జతచేశాం. సందేహాలుంటే కోశాధికారిని అడగండి. చందా బాకీలు ఈ సమావేశంలోనే చెల్లించగలరు.

రుసుము తీసుకోకుండా వచ్చిన సైకాలజిస్టు గారికి, పాత విద్యార్థులకు, ఆ రాత్రి తొమ్మిదిన్నర వరకు తాళంచెవి పట్టుకుని గుమ్మంలోనే కూర్చున్న అటెండరు గారికి కృతజ్ఞతలు.

ఇట్లు,
కార్యదర్శి