అంబులెన్సుల్లో హీమోస్టాటిక్ గాజ్ గురించి ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

అత్యవసర విభాగంలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న నర్సుగా, హీమోస్టాటిక్ గాజ్‌ను, అంటే రక్తస్రావాన్ని త్వరగా ఆపే పదార్థం పట్టించిన గాజ్ గుడ్డను, ప్రతి అంబులెన్సులో ఉంచాలని కోరుతూ నమస్కరించి రాస్తున్నాను. గజ్జలో లోతుగా తెగిన గాయంతో ఒకసారి మా దగ్గరికి ఒక యువకుణ్ణి తీసుకొచ్చారు. గాయం మీద మామూలు గాజ్ పొరలు పొరలుగా పరిచి, పైన శుభ్రంగా కట్టు కట్టారు. ఆ కట్టు కింద నుంచి రక్తం కారుతూనే ఉంది. తెచ్చినవారు నిర్లక్ష్యం చేయలేదు, వారికి నేర్పినదే అంత. లోపల తెగిన రక్తనాళం మీద మాత్రం దారి పొడవునా ఒక్క వేలూ పడలేదు. అతన్ని మేము దక్కించుకోలేకపోయాం.

పెద్దవారి ఒంట్లో ఉండేది సుమారు 5 లీటర్ల రక్తం. తొడలోని పెద్ద ధమని తెగితే కొద్ది నిమిషాల్లోనే ప్రాణం పోవచ్చు. చేతికో కాలికో దెబ్బ తగిలితే గాయానికి పైభాగాన టోర్నికెట్ (రక్తం పారకుండా బిగించే పట్టీ) బిగించి ఆపవచ్చు గానీ, గజ్జలో, చంకలో, మెడ మొదట్లో దాన్ని బిగించే చోటే ఉండదు. 2001 నుంచి 2011 వరకు యుద్ధరంగంలో మరణించిన అమెరికా సైనికుల వివరాలను పరిశీలించినప్పుడు, చికిత్సా కేంద్రానికి చేరకముందే చనిపోయినా బతికే అవకాశం ఉండిందని తేలినవారు 976 మంది. వారిలో దాదాపు 91 శాతం మందిని బలిగొన్నది రక్తస్రావమే, అందులోనూ సుమారు ఐదో వంతు ఇలాంటి చోట్ల తగిలిన గాయాలే.

హీమోస్టాటిక్ గాజ్ పనికొచ్చేది ఇక్కడే. ఒక రకం గాజ్‌కు కేయొలిన్ అనే మెత్తటి తెల్లమట్టి పట్టించి ఉంటుంది. అది రక్తంలోని పన్నెండో కారకం అనే, గడ్డకట్టడానికి తోడ్పడే ప్రొటీన్‌ను ప్రేరేపించి గడ్డకట్టడాన్ని వేగవంతం చేస్తుంది. ఈ రకాన్ని 2008లోనే అమెరికా సైన్యపు వైద్య మార్గదర్శకాలు మొదటి ఎంపికగా స్వీకరించాయి. రొయ్యలు, పీతల పెంకుల నుంచి తీసే కైటోసాన్‌తో చేసిన మరో రకం, గడ్డకట్టించే కారకాలతో నిమిత్తం లేకుండా ఎర్ర రక్తకణాలను పట్టుకుని జిగురులా అతుక్కుంటుంది. తొలినాళ్లలో వాడిన జియోలైట్ అనే ఖనిజపు పొడి వేడి పుట్టించి కణజాలాన్ని కాల్చిన మాట నిజమే. ఇప్పటి గాజ్‌లకు ఆ దోషం లేదు కనుక, ఆ పాత భయంతో ఎవరైనా వీటిని తోసిపుచ్చితే దయచేసి అంగీకరించకండి.

అయితే గాజ్ కొనిపెట్టడంతోనే పని పూర్తయినట్టు భావించవద్దని నా విన్నపం, ఎందుకంటే ఈ గాజ్‌ను కూడా పైపైన పరిచి కట్టు కడితే ఆ యువకుడికి జరిగినదే మళ్లీ జరుగుతుంది. గాయంలో నిలిచిన రక్తాన్ని తుడిచి, అది ఎక్కడి నుంచి ఉబుకుతోందో వేలితో వెతికి, గాజ్ కొసను సరిగ్గా అక్కడే అదిమిపెట్టి, ఆ ఒత్తిడి సడలకుండా మిగతాదంతా గాయం నిండేవరకు కూరాలి. తర్వాత రెండు చేతులతో, ఒంటి బరువంతా వేసి, కనీసం 3 నిమిషాలు నొక్కి పట్టాలి. ఆగిందో లేదో అని మధ్యలో ఎత్తి చూడకూడదు. ప్రత్యేక గాజ్ అందుబాటులో లేనప్పుడు మామూలు గాజ్‌నైనా ఇలాగే కూరి, ఇంకా ఎక్కువసేపు నొక్కాలి. ఛాతీ, పొట్ట, పుర్రె లోపలి గాయాల్లో మాత్రం దీన్ని కూరరాదు, వాటికి శస్త్రచికిత్సే దారి. ఇదంతా చదివితే వచ్చేది కాదు, నమూనా గాయం మీద చేత్తో చేసి నేర్చుకోవలసిన పని.

కాబట్టి ప్రతి అంబులెన్సులోనూ టోర్నికెట్‌తో పాటు ఈ గాజ్‌ను తప్పనిసరి చేయండి, గడువు తీరకముందే మార్చే బాధ్యత ఫలానావారిదని స్పష్టంగా నిర్ణయించండి. అంబులెన్సు సిబ్బందికి, ప్రమాద స్థలానికి అందరికన్నా ముందు చేరే పోలీసులకు, అగ్నిమాపక సిబ్బందికి ఏటా చేతిపని శిక్షణ ఇప్పించండి. ఎన్ని గాజ్‌లు కూరారో రాసి ఆసుపత్రికి అప్పగించే పద్ధతినీ నిబంధనల్లో చేర్చండి. గాజ్‌లో ఎక్స్‌రేకు కనిపించే దారం ఉన్నా, ఆపరేషన్ గదిలో లెక్క తెలియడం ముఖ్యం.

శిక్షణ మొదలుపెడితే, నా సెలవు రోజుల్లో వచ్చి నేర్పడానికి సిద్ధంగా ఉన్నాను.

భవదీయురాలు,
అత్యవసర విభాగపు నర్సు