ఎన్ని పాలు తాగిందని కాదు, ఎలా తాగిందని అడగండి

సంపాదకులకు నమస్కారం.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అనగానే అందరికీ ఇంక్యుబేటరు, వెంటిలేటరు గుర్తొస్తాయి. ఆ గండం గట్టెక్కాక బిడ్డ నోటితో పాలు తాగడం నేర్చుకునే రోజుల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. డిశ్చార్జి మాత్రం చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది. పసిపిల్లల ఐసీయూలో నర్సుగా పనిచేస్తున్నాను కాబట్టి ఈ నాలుగు ముక్కలు.

పాలు తాగడం పుట్టుకతో వచ్చేదే కదా అంటారు. నెలలు నిండిన బిడ్డకైతే సరే. చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం ఈ మూడూ ఒకదానికొకటి అడ్డం పడకుండా సాగడం గర్భం మొదలైనప్పటి నుంచి లెక్కేస్తే సుమారు 32, 34 వారాల మధ్య కుదురుకోవడం మొదలవుతుంది. 28 వారాలకే పుట్టిన బిడ్డకు అప్పటిదాకా ముక్కులోంచో నోట్లోంచో పొట్టలోకి వేసే ట్యూబే దిక్కు. 34 నిండాయి కదా అని తెల్లారేసరికి వచ్చేసే విద్యా కాదు. ఊపిరితిత్తులు బలహీనంగా ఉంటే ఇంకా ఆలస్యం.

అందుకే మేం గడియారాన్ని కాదు, బిడ్డను చూడాలి. మెలకువగా ఉండి, గుప్పిట నోటి దగ్గరికి తెచ్చుకుంటూ పెదాలతో వెతుక్కుంటుంటే పాలు పట్టొచ్చు. తాగుతూ తాగుతూ నుదురు ముడిచి, వేళ్లు బిగుసుకున్నట్టు చాపి, పెదవి మూల నుంచి పాలు కారుస్తుంటే ఇక ఆపమని అర్థం. గుండె, ఆక్సిజన్ చూపించే మానిటరు మోగేదాకా ఆగకూడదు. సీసా కాస్త దించి ఊపిరి తీసుకోనివ్వాలి. పక్కకు తిప్పి పట్టుకుంటే చాలామంది తేలిగ్గా తాగుతారు. ట్యూబులో పాలు వెళ్తున్నప్పుడే, పాలు పిండేసిన తల్లి రొమ్మును చప్పరించనివ్వడం కూడా మంచి సాధన.

ఇలా పాలు పడితే ఒక్కో బిడ్డకు అరగంట. మూడు గంటలకోసారి పట్టాలి. ఒక నర్సు చేతిలో ఆరుగురుంటే ఆ మూడు గంటలూ పాలకే సరి, మందులు ఎవరిస్తారు? అప్పుడే తొందర మొదలవుతుంది. ‘ఇంకో ఐదు మి.లీ.లే, పట్టేయ్’ అంటూ నోట్లో సీసా అటూ ఇటూ తిప్పుతారు. బిడ్డకు పొలమారుతుంది. ఇలా పదే పదే జరిగితే సీసా చూస్తేనే మొహం తిప్పుకోవడం నేర్చుకుంటుంది. ఛార్టులో మాత్రం ‘25 మి.లీ.’ అని నిండుగా ఉంటుంది, తర్వాతి షిఫ్టు నర్సుకు ఇంకేమీ తెలియదు. బయట నానమ్మలు, అమ్మమ్మలు అడిగేదీ ఆ లెక్కే, వాళ్ల టెన్షన్ వాళ్లది.

ఆసుపత్రులు ఛార్టులో ‘ఎలా తాగింది’ అని ఇంకో గడి పెట్టాలి. దానికి ఖర్చేమీ లేదు. నర్సులను పెంచడానికి ఖర్చవుతుంది, అయినా తప్పదు. కనీసం పాలు పట్టే వేళల్లోనైనా అదనంగా ఒకరిని వేయాలి. రేపు ఇంట్లో పట్టాల్సింది తల్లే కాబట్టి, విజిటింగ్ అవర్స్ పేరుతో ఆమెను గేటు బయట కూర్చోబెట్టకుండా రాత్రి ఫీడింగులకు కూడా లోపలికి రానివ్వాలి.

– ఒక స్టాఫ్ నర్సు