దేవరకొండ రోడ్డు మీది చెరుకు రసం అమ్మకు కృతజ్ఞతలు

నేను సైన్యంలో గుర్రాలు, కుక్కల వంటి జంతువులను చూసుకునే రీమౌంట్ వెటర్నరీ కోర్‌లో పదిహేడేళ్లు కుక్కల హ్యాండ్లర్‌గా పనిచేసి, హవల్దారుగా పదవీ విరమణ పొంది, దేవరకొండ దగ్గర మా ఊళ్లో బత్తాయి తోట చూసుకుంటున్నవాణ్ణి. మూడు రాత్రులుగా సరిగా కన్ను మూయలేదు కనుక ఇందులో తప్పులుంటే మన్నించగలరు.

నా చేతుల్లో పని నేర్చుకుని, నాలుగేళ్లు నాతో నడిచిన రూబీ అనే లాబ్రడార్ తొమ్మిదేళ్ల వయసులో విరమణ పొందింది. తిండీ వైద్యమూ నేనే భరిస్తానని రాసిచ్చి మీరట్‌లోని మా కోర్ కేంద్రం నుంచి దానిని తెచ్చుకున్నాను. ఒకప్పుడు పనికి రాకుండా పోయిన సైనిక కుక్కకు సూది వేసి ప్రాణం తీసేవారు. ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యం పడిన తర్వాత 2015లో ఆ పద్ధతి ఆగింది. అందువల్లనే రూబీ వంటి వాటికి ముసలితనం దక్కుతున్నది.

రైలులో బాగానే వచ్చింది. సికింద్రాబాద్‌లో ఎక్కిన అద్దె కారులో మాల్ దాటగానే మొదట ఏసీ, కాసేపటికి ఇంజనూ ఆగిపోయాయి. ఆదివారం, మధ్యాహ్నం రెండు గంటలు, రోళ్లు పగిలే రోహిణి కార్తె. మనకు ఒళ్లంతా చెమట పడుతుంది. కుక్కకు అరికాళ్ల మెత్తల దగ్గర తప్ప చెమట ఉండదు, వగర్పే దానికి దిక్కు, గాలే నిప్పులా ఉన్నప్పుడు ఆ వగర్పూ అక్కరకు రాదు. నాలుక ఇటుక రంగుకు తిరిగి, నోటి వెంట చిక్కటి నురగ కారి, వెనుక కాళ్లు తడబడి రూబీ పడిపోయింది. థర్మామీటరు 107 డిగ్రీలు చూపించింది. ఇటువంటప్పుడు ఏం చేయాలో కుర్రాళ్లకు నేర్పినవాణ్ణే అయినా నా చేతులు ఆడలేదు.

రోడ్డు పక్కన తాటికమ్మల పందిరి కింద చెరుకు రసం మిషన్ పెట్టుకున్న అరవై ఏళ్ల అమ్మ, కుక్కను ఎత్తుకుని వస్తున్న నన్ను చూసి ఒక్క మాట అడగకుండా పిప్పి బస్తాను నీడలో గుమ్మరించి, దాని మీద నీళ్లు చల్లి, పడుకోబెట్టమని చేత్తో చూపింది. గోనెసంచిలో దాచుకున్న ఐసుగడ్డనంతా పగలగొట్టి నీళ్ల డ్రమ్ములో వేసింది. పొట్ట మీద, గజ్జల్లో, చంకల్లో, పాదాల మీద పోయాలని నేను చెబితే, "కరుస్తదా బిడ్డా?" అని ఒక్కసారి అడిగి, నా జవాబు కోసం ఆగకుండానే పంజాను అరచేతిలోకి తీసుకున్నది. ఒక చేత్తో చెంబు, ఇంకో చేత్తో అట్టముక్క. బండ్లు ఆపి గ్లాసు అడిగినవాళ్లను, "ఐసు లేదు, పోండ్రి" అని పంపేసింది. ఎండాకాలం ఆదివారం బేరమంటే ఆమెకు ఎంతటిదో నేను చెప్పనక్కరలేదు.

నలభై నిమిషాలకు 103కు దిగింది. మరీ చల్లబడితే అదీ ప్రమాదమే కనుక నీళ్లు ఆపించాను. రూబీ తల ఎత్తింది. నేను ఆ అమ్మ చేతిలో రెండు ఐదువందల నోట్లు పెట్టబోతే వాటిని మడిచి నా జేబులోనే దోపి, "గిది మిల్ట్రీల ఏం జేసేది?" అని అడిగింది. తెల్లవారకముందే మా అందరికంటే ముందు రోడ్డు వాసన చూసుకుంటూ నడిచేదని, మందుపాతర వాసన తగిలితే మొరగకుండా, తవ్వకుండా అక్కడే కూర్చునేదని చెప్పాను.

"జీతమిస్తరా?"

"లేదమ్మా, తిండి పెడతరు."

"మరెందుకు జేసినట్టు?"

"పనైనంక ఆడుకోనీకి బంతిస్తం. దానికోసం."

ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ కొంగుతోనే రూబీ మూతి మీది నురగ తుడుస్తూ, "బంతికే గింత జేసినవా తల్లీ" అన్నది. పదవీ విరమణ నాడు కూడా తడవని నా కళ్లు అప్పుడు ఆగలేదు.

నిస్వార్థ సేవ అన్నది మనుషులం పెట్టుకున్న పేరు. కుక్కకు బాంబు తెలియదు, దేశం తెలియదు; వాసన, బంతి, తాడు పట్టుకున్న మనిషి తెలుసు. అయితే 2023 సెప్టెంబరులో జమ్మూ కశ్మీర్‌లోని రాజౌరీలో కాల్పుల మధ్య తన హ్యాండ్లర్‌కు అడ్డుపడి ప్రాణం విడిచిన కెంట్ అనే లాబ్రడార్ ముందు ఏ బంతీ లేదు. దానికి నా దగ్గర సమాధానం లేదు. నేను మాత్రం నాలుగేళ్లుగా మాజీ సైనికుల సమావేశాలకు వెళ్లి, నాకు రావలసిన బకాయిలు, కదలని నా భూమి ఫైలు తప్ప మరొకటి మాట్లాడి ఎరుగను. ఆ పందిరి కింద కూడా, ఆమె బేరం వదులుకుని కూర్చుంటే, నాకు ముందుగా తోచింది నోట్లు తీయడమే.

చెప్పకూడదనుకున్నాను గానీ చెబుతున్నాను. పందిరి కింద నీళ్లు పోస్తున్న ఆ మధ్యలోనే ఒక పశువుల దవాఖానకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఇంకొక నంబరులో "ఆవా, గేదెనా, గొర్రెనా?" అని అడిగి, కుక్క అనగానే సోమవారం రమ్మన్నారు. నాకు పింఛను ఉంది, మాజీ సైనికుల వైద్యానికిచ్చే ఈసీహెచ్ఎస్ కార్డు ఉంది. నాకంటే పది అడుగులు ముందు నడిచినదానికి ఆదివారం సెలైన్ పెట్టే దవాఖాన లేదు.

నా భార్య, కొడుకు వంతులవారీగా మేలుకున్నారు. వారికి వేరే చెప్పేదేముంది.

మరిచాను: బైకు మీద వచ్చి సెలైన్ పెట్టి, పెట్రోలు డబ్బులు కూడా తీసుకోని గోపాలమిత్ర (ఊళ్లలో పశువులకు సేవలందించే కార్యకర్త) తమ్ముడికి, ఫోన్లోనే గంటసేపు దారి చూపిన మీరట్ డాక్టరు గారికి, సగం కిరాయి వదిలేసిన కారు డ్రైవరుకు కృతజ్ఞతలు. డ్రమ్ములో నీళ్లు అయిపోతే బోరు దగ్గర నుంచి రెండు బిందెలు మోసుకొచ్చిన పిల్లవాడు కూడా ఉన్నాడు, పేరు అడగలేదు.

మూడు రోజులు గడిస్తేగానీ మూత్రపిండాల సంగతి తేలదన్నారు. ఈ రోజు పరీక్ష బాగానే వచ్చింది, పెరుగన్నం తిన్నది. ఎల్లుండి ఆ అమ్మ దగ్గరికి ఒక ఐసుగడ్డ, ఒక బస్తా బత్తాయిలు తీసుకుని వెళుతున్నాము. రూబీ నీళ్ల గిన్నెను ముక్కుతో నెడుతున్నది, లేవాలి.