ఐపీ ఒక్కటే దిక్కుగా ఎన్నాళ్లు, మంత్రిగారూ?

కేంద్ర ఆర్థిక, కార్పొరేట్ వ్యవహారాల మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ గారికి,

నమస్కారం.

నేను ఒక చిన్న పట్టణంలో సివిల్ కేసులు చూసే న్యాయవాదిని. అప్పుల్లో పీకల్లోతు మునిగినవాళ్లు మా దగ్గరికొచ్చి ముందుగా అడిగేది, "ఐపీ పెడితే ఫోన్లు ఆగుతాయా సార్?" అని. ఆగవని చెప్పాల్సి వస్తోంది.

ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్, 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో వేసే దివాలా అర్జీ. 500 రూపాయల అప్పుంటే దివాలా అర్జీ పెట్టుకోవచ్చని ఆ చట్టంలో ఇప్పటికీ ఉంది. కోర్టు దివాలాదారుగా ప్రకటిస్తే తప్ప అప్పిచ్చినవాళ్లకు అడ్డుకట్ట పడదు. ఆ ప్రకటన వచ్చేసరికి ఏళ్లు గడుస్తాయి. ఈలోపు ప్రోనోటు దావాలు, చెక్ బౌన్స్ కేసులు, ఇంటి ముందు పంచాయితీలు. చిట్టీల సొమ్ము దాచుకుని ఐపీ నోటీసులు పంపినవాళ్ల పుణ్యమా అని, ఆసుపత్రి బిల్లులు కట్టి చితికిపోయినవాణ్ని కూడా ఊరు మోసగాడిలాగే చూస్తుంది. చిట్టీల్లో మునిగినవాళ్ల కోపాన్ని నేను తప్పుపట్టను.

దీనికి మందు పార్లమెంటు 2016లోనే తయారుచేసింది. ఆ ఏడాది చేసిన దివాలా చట్టం, అంటే ఇన్సాల్వెన్సీ అండ్ బ్యాంక్రప్ట్సీ కోడ్‌లోని మూడో భాగం వ్యక్తుల కోసమే. 2019 డిసెంబర్ 1న దాన్ని కంపెనీల అప్పులకు వ్యక్తిగత పూచీ ఇచ్చినవాళ్ల వరకు అమల్లోకి తెచ్చి, అక్కడే ఆపారు. బ్యాంకులకు వాళ్ల దగ్గర రాబట్టుకోవాల్సింది ఉంది కాబట్టేనని నా అనుమానం. కిరాణా కొట్టు మూతపడ్డవాడికి, కౌలు రైతుకి, క్రెడిట్ కార్డులతో ఇల్లు నెట్టుకొచ్చిన చిరుద్యోగికి ఆ తలుపు తెరుచుకోలేదు. కంపెనీ కుప్పకూలితే దివాలా ప్రక్రియ ముగించడానికి 330 రోజుల గడువు పెట్టారు. అక్కడ బ్యాంకులు బాకీలో పెద్ద భాగం వదులుకున్న కేసులు ఎన్నో. దాన్ని మనం సంస్కరణ అన్నాం.

మూడో భాగంలో 'ఫ్రెష్ స్టార్ట్' అని ఒక పద్ధతి ఉంది. దరఖాస్తు తీసుకుంటే 180 రోజుల పాటు అర్హమైన అప్పుల మీద దావాలు, వసూళ్లు ఆగాలి. చివరికి ఆ అప్పులు రద్దు కావచ్చు. కానీ అర్హతలు చూడండి: ఏడాది ఆదాయం 60,000 దాటకూడదు, ఆస్తులు 20,000 మించకూడదు, అప్పు 35,000 లోపే ఉండాలి, సొంత ఇల్లు ఉండకూడదు. నెలకు 5,000తో బతికే మనిషికి 35,000 లోపు అప్పుతో సరిపెట్టుకునే అదృష్టం కూడా ఉండాలన్నమాట! ఒక్కసారి ఆసుపత్రిలో చేరితే ఆ లెక్క దాటిపోతుంది.

ఇంకో చిక్కు, ఈ కేసులు వినాల్సింది డెట్ రికవరీ ట్రిబ్యునళ్లు, అంటే బ్యాంకుల బాకీల వసూలు కేసులు చూసే ప్రత్యేక ట్రిబ్యునళ్లు. రెండు తెలుగు రాష్ట్రాలకూ కలిపి అవి హైదరాబాద్, విశాఖపట్నంలోనే ఉన్నాయి. బస్సు చార్జీలకు తడుముకునేవాడు అనంతపురం నుంచి అంత దూరం వెళ్లి అర్జీ పెట్టుకోవాలా? చిన్న అప్పుల కేసులైనా జిల్లా కోర్టులకు అప్పగించండి.

ఎగవేతదారులు దీన్ని వాడుకుంటారన్న భయం మీ శాఖలో ఉండొచ్చు. దానికి కాపలా చట్టంలోనే ఉంది. దరఖాస్తును దివాలా నిపుణుడు పరిశీలిస్తాడు, అప్పిచ్చినవాళ్లు అభ్యంతరం చెప్పుకోవచ్చు, తప్పుడు వివరాలిస్తే శిక్ష పడుతుంది. ఇలా నిపుణుడు ముందే జల్లెడ పట్టడం ఐపీలోనూ ఉంటే చిట్టీల మోసగాళ్లలో కొందరైనా దొరికేవాళ్లు.

మీరు 2014లో ఆంధ్రప్రదేశ్ నుంచి రాజ్యసభకు వెళ్లారు. మైక్రోఫైనాన్స్ వసూళ్లు 2010లో ఇక్కడ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చేదాకా వెళ్లిన సంగతి మీకు తెలియంది కాదు. మూడో భాగం అమలుకు తేదీ ప్రకటించండి. పరిమితులు మార్చాకే అంటారా, ఆ సవరణ బిల్లు వచ్చే సమావేశాల్లోనే పెట్టండి.

ఇట్లు,
ఒక సివిల్ న్యాయవాది