ల్యాప్ టైము తగ్గాలంటే ముందు బ్రేకుల సంగతి చూడాలి

సంపాదకులకు,

అయ్యా,

మీ ఆదివారం అనుబంధంలో ట్రాక్ డేల (సొంత కారును రేసు ట్రాకు మీద నడపనిచ్చే రోజుల) గురించి, అక్కడ సొంత స్పోర్ట్స్ కారుతో ల్యాప్ టైము, అంటే ఒక చుట్టుకు పట్టే సమయం, తగ్గించుకునే పద్ధతుల గురించి వచ్చిన వ్యాసాన్ని ఆసక్తితో చదివాను. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ విద్యుత్ కార్ల పోటీ చూసి ఈ సరదా పట్టుకున్న కుర్రవాళ్ళు నాకు తెలిసినవారిలోనే కొందరున్నారు. వారికి మంచి కార్లున్నాయి, ఖర్చుకు వెనకాడని మనస్తత్వమూ ఉంది. అటువంటి పాఠకులకు మీ వ్యాసం చెప్పిన వరుస, అంటే ముందు ఇంజిన్ రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటరు అమరికలు మార్చి పవర్ పెంచడం), తర్వాత సైలెన్సరు, ఆపైన పెద్ద అల్లాయ్ వీల్స్, చివరికి తీరిక దొరికితే శిక్షణ అన్న వరుస, పూర్తిగా తలకిందులైనదని ఆటోమొబైల్ ఇంజినీరుగా, శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాకులో కొత్తవారి పక్క సీట్లో కూర్చుని నేర్పుతున్న మనిషిగా చెప్పక తప్పడం లేదు.

ఇరుంగాట్టుకోట్టై ట్రాకు ఒక చుట్టు 3.7 కిలోమీటర్లు. అందులో కాలు పూర్తిగా యాక్సిలరేటరు మీద ఉంచి నేరుగా పోయే భాగాల్లో, అంటే స్ట్రెయిట్లలో, నేర్చినవాడికీ నేర్వనివాడికీ పెద్ద తేడా ఉండదు, ఎందుకంటే అక్కడ పని చేసేది కారే. ఒకే కారును ఒకే రోజున ఇద్దరు నడిపినప్పుడు తేడా అంతా బ్రేకు మీద కాలు పడిన చోటు నుంచి, మలుపు దాటి మళ్ళీ యాక్సిలరేటరు పూర్తిగా తొక్కే చోటు దాకా ఉన్న ఆ కొద్ది దూరంలోనే పుడుతుంది. కొత్తవారు పోగొట్టుకునే సెకన్లు అక్కడ ఉన్నాయి కనుక, వాటిని వెతకవలసిందీ అక్కడే.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పనివ్వండి. బ్రేకు ఎంత ఆలస్యంగా తొక్కితే అంత మొనగాడన్న భావన కుర్రకారులో బలంగా ఉంది. మీ వ్యాసం కూడా దానికే వంత పాడింది. గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకు 50 మీటర్లు పోతుంది, మలుపులో వేగం 80 అయితే సెకనుకు 22 మీటర్లు పోతుంది. బ్రేకును ఐదు మీటర్లు ఆలస్యం చేస్తే, ఆ ఐదు మీటర్లను 80 వేగంతో కాక 180 వేగంతో దాటినట్లవుతుంది. దానివల్ల మిగిలేది సెకనులో ఎనిమిదో వంతు మాత్రమే. ఆ తొందరలో కారు లోపలి అంచును అందుకోలేక వెడల్పుగా పోయి, తర్వాతి 700 మీటర్ల స్ట్రెయిట్‌లో సగటు వేగం 150 నుంచి 147కు పడిపోయిందనుకోండి, పోయేది సెకనులో మూడో వంతు. కొసరు కోసం పోతే అసలుకే ఎసరు వచ్చినట్లు, బ్రేకు దగ్గర సంపాదించినదానికి దాదాపు మూడు రెట్లు స్ట్రెయిట్‌లో చెల్లించుకుంటారు. కొత్తవారు బ్రేకు కాస్త ముందుగానే తొక్కి, మలుపులోకి నెమ్మదిగా వెళ్ళి, వేగంగా బయటపడాలని ప్రతి ట్రాకులోనూ నేర్పేది ఇందుకే. ముఖ్యంగా పొడవాటి స్ట్రెయిట్‌కు ముందున్న మలుపు విషయంలో ఈ సూత్రానికి మినహాయింపు ఉండదు.

లైన్, అంటే మలుపులో కారు పట్టే దారి, విషయానికి వస్తే, వ్యాసంలో "ట్రాకు వెడల్పంతా వాడుకోండి" అని ఒక్క వాక్యంతో సరిపెట్టారు. దాని వెనుక ఉన్న కారణం చెబితే పాఠకుడు ఊరికే మరిచిపోడు. టైరు పట్టు ఒక గురుత్వ త్వరణమంత, అంటే కారు బరువుకు సమానమైన బలమంత, అనుకుంటే, 50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వంపులో కారు గంటకు దాదాపు 80 కిలోమీటర్ల వేగాన్ని మాత్రమే భరించగలదు. అదే మలుపులో బయటి అంచు నుంచి ప్రవేశించి, లోపలి అంచును తాకి, మళ్ళీ బయటి అంచుకు కారును వదిలితే వంపు వ్యాసార్ధం 60 మీటర్లవుతుంది, భరించగల వేగం 87కు చేరుతుంది. ఇంజిన్‌ను ముట్టుకోకుండా, రూపాయి ఖర్చు లేకుండా దొరికే ఏడు కిలోమీటర్లవి. అయినా కొత్తవారిలో ఎక్కువమంది ట్రాకు అంచుకు ఒక కారు వెడల్పు దూరంలోనే ఆగిపోతారు. అందుకు కారణం చూపు. బానెట్ ముందున్న రోడ్డునే చూస్తూ నడిపేవారికి అంచు ఎప్పుడూ హఠాత్తుగా వచ్చినట్లే ఉంటుంది. బ్రేకు తొక్కుతున్నప్పుడే లోపలి అంచును, అది దగ్గరపడకముందే బయటపడే చోటును చూడడం అలవాటైనవారికి చేతులు వాటంతట అవే నెమ్మదిస్తాయి.

చూపు, లైన్ కుదిరాక నేర్పవలసిన తర్వాతి మెట్టు బ్రేకును వదిలే తీరు. చాలామంది బ్రేకును నేరుగా ఉన్నప్పుడే పూర్తిగా వదిలేసి, అప్పుడు స్టీరింగు తిప్పుతారు. అలా వదలగానే ముందు టైర్ల మీది బరువు వెనక్కి పోయి, కారు ముక్కు తిరగనని మొరాయిస్తుంది. టైరుకున్న పట్టు ఒక్కటే, దాన్నే ఆపడానికీ తిప్పడానికీ పంచుకోవాలి. అయితే ఈ రెండు బలాలు ఒకదానికొకటి లంబంగా ఉంటాయి కాబట్టి పంపకం మామూలు కూడిక లెక్కలో ఉండదు. మొత్తం పట్టు నూరు పాళ్ళయితే, బ్రేకుకు అరవై పాళ్ళు వాడుతున్నప్పుడు కూడా మలుపు తిరగడానికి ఎనభై పాళ్ళు మిగులుతాయి. అందుకే స్టీరింగు తిరుగుతున్న కొద్దీ పెడల్ మీది ఒత్తిడిని క్రమంగా సడలిస్తూ పోయేవారు, రెండు పనులను విడివిడిగా చేసేవారికంటే వేగంగా ఉంటారు. ఇది మాటల్లో చెప్పినంత సులువైన పని కాదు. పక్కన నేర్పేవాడు కూర్చోకుండా తొలి రోజునే దీన్ని ప్రయత్నించినవాళ్ళ కార్లు వెనక భాగం జారి గడ్డిలోకి పోవడం తరచుగా చూస్తుంటాం.

ఇక బ్రేకుల సామర్థ్యం గురించి మీ వ్యాసంలో ఒక్క ముక్క లేకపోవడం నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టింది. 1,400 కిలోల కారును గంటకు 200 నుంచి 80కి దించాలంటే సుమారు 18 లక్షల జౌళ్ళ శక్తిని వదిలించుకోవాలి, అందులో అధిక భాగం డిస్కులలోనే వేడిగా మారుతుంది. ఐదు లీటర్ల చన్నీళ్ళను కళపెళ మరిగించడానికి సరిపోయే ఆ వేడి కొద్ది సెకన్లలో పుట్టి, చల్లారే వ్యవధి లేకుండానే తర్వాతి మలుపులో మళ్ళీ పుడుతుంది. రోడ్డు మీద అద్భుతంగా పనిచేసిన బ్రేకులు నాలుగైదు చుట్లకే చేతులెత్తేయడానికి ఇదే కారణం. అవి చేతులెత్తేసే తీరు రెండు రకాలు, ఆ తేడాను కాలితోనే గుర్తుపట్టవచ్చు. పెడల్ గట్టిగానే ఉండి కారు మాత్రం ఆగడం లేదంటే మాడిపోయినవి ప్యాడ్లు. పెడల్ మెత్తబడి, తొక్కిన కొద్దీ నేల దాకా దిగిపోతుంటే మరిగినది బ్రేక్ ఆయిల్.

రెండోదే ఎక్కువ ప్రమాదకరం. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం, తేమ పట్టిన తర్వాత అదే ప్రమాణం 155 డిగ్రీలకు పడిపోతుంది. మా నెల్లూరు, చెన్నై వంటి తీర ప్రాంతాల ఉక్కలో తిరిగే కారులో రెండు మూడేళ్ళుగా మార్చని ఆయిల్ ఏ స్థితిలో ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. రీమ్యాప్‌కు పెట్టే డబ్బులో కొద్ది భాగంతో మంచి రకం బ్రేక్ ఆయిల్, వేడిని తట్టుకునే ప్యాడ్లు వేయించుకోవచ్చు. మరో మాట. ట్రాకు మీద వరుసగా చుట్లు తిరిగే ప్రతి విడతలో చివరి చుట్టును బ్రేకు వీలైనంత తక్కువగా వాడుతూ నిదానంగా పూర్తి చేసి, గ్యారేజీకి వచ్చాక హ్యాండ్ బ్రేకు వేయకుండా, గేరులో ఉంచి చక్రం కింద చెక్క దిమ్మ పెట్టాలి. కాగిపోయిన డిస్కును ప్యాడ్లు బిగించి పట్టుకుంటే వేడంతా ఒకచోటే నిలిచి, తర్వాతి విడతలో పెడల్ వణకడం మొదలవుతుంది.

టైర్ల గాలి సంగతి కూడా బ్రేకుల సంగతి లాంటిదే, చౌకగా అయ్యే పని, ఫలితం మాత్రం వెంటనే కనిపిస్తుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు 32 పీఎస్ఐ పెట్టుకుని ట్రాకు మీదికి వెళితే, టైరు లోపలి గాలి 30 డిగ్రీల నుంచి 80 డిగ్రీలకు వేడెక్కేసరికి ఆ ఒత్తిడి దాదాపు 40కి చేరుతుంది. అప్పుడు టైరు ఉబ్బి, నేలకు ఆనే భాగం తగ్గి, మూడో చుట్టులో ఉన్న పట్టు ఆరో చుట్టుకు ఉండదు. డ్రైవరేమో తానే తప్పు చేస్తున్నాననుకుంటాడు. విడత ముగిసి రాగానే, టైర్లు వేడిగా ఉండగానే గేజీతో కొలిచి, ఎక్కువైన గాలిని వదలాలి. ఎంత వదలాలో టైరే చెబుతుంది. చాలా టైర్ల పక్క గోడ మీద అంచు దగ్గర చిన్న త్రికోణపు గుర్తు ఉంటుంది. అరుగుదల ఆ గుర్తు దాటి కిందికి వచ్చిందంటే గాలి తక్కువ, దాని దాకా రాలేదంటే ఎక్కువ. గుర్తు కనిపించని టైరైతే అంచున తెల్లని షూ పాలిష్ అడ్డంగా పూసి, ఎంత దాకా చెరిగిందో చూస్తారు. సాయంత్రం ఇంటికి బయలుదేరే ముందు టైర్లు చల్లారాక మళ్ళీ 32కు గాలి కొట్టించుకోవడం మాత్రం మరవకూడదు. తగ్గించిన గాలితోనే హైవే ఎక్కి, ఆ వేగంతో గంటల తరబడి పోవడం టైరుకు ట్రాకుకన్నా పెద్ద పరీక్ష. ఇక పెద్ద అల్లాయ్ వీల్స్ సలహా సంగతి: చక్రం బరువు పెరిగితే కారు వేగం అందుకోవడానికీ, ఆగడానికీ రెండింటికీ నష్టమే. అందం కోసమైతే వేయించుకోవచ్చు.

ఫోన్‌లోని స్టాప్‌వాచ్‌తో చుట్టు మొత్తానికి పట్టిన సమయం చూసుకుని సంతోషపడడం వల్ల నేర్చుకునేది పెద్దగా ఉండదు. సెకనుకు ఒక్కసారి మాత్రమే స్థానం నమోదు చేసే జీపీఎస్ అయితే 180 వేగంలో ఒక నమోదుకూ మరోదానికీ మధ్య 50 మీటర్లు దాటిపోతాయి, పదిసార్లు నమోదు చేసే ల్యాప్ టైమరుతో ఆ ఎడం ఐదు మీటర్లకు తగ్గుతుంది. అందులో చూడవలసింది అన్నిటికంటే తక్కువ టైము కాదు, ప్రతి మలుపులోని అతి తక్కువ వేగం, యాక్సిలరేటరు తొక్కిన చోటు, ఇవి చుట్టు చుట్టుకూ ఎంత మారుతున్నాయన్నది. నా దగ్గరకు వచ్చేవారిని వరుసగా ఐదు చుట్లు అర సెకను తేడాలో పూర్తి చేయమంటాను. అది చేతనైన తర్వాతే వేగం పెంచమంటాను.

ఇంత చెప్పాక, పవర్ పెంచడం వల్ల లాభమే లేదని నేను అనడం లేదు. గ్రేటర్ నోయిడాలోని 5.125 కిలోమీటర్ల బుద్ధ్ సర్క్యూట్‌లో కిలోమీటరు దాటిన వెనుక స్ట్రెయిట్ ఉంది, అటువంటి చోట యాభై హార్స్‌పవర్ తేడా గడియారం మీద స్పష్టంగా కనిపిస్తుంది. అయితే ఆ స్ట్రెయిట్ చివర 180కి బదులు 190 వేగంతో చేరిన కారులో గతిశక్తి (వేగం వల్ల ఉండే శక్తి) పదకొండు శాతం పెరుగుతుంది, అంటే పెంచిన పవర్ భారం మళ్ళీ ఆ పాత బ్రేకుల మీదే పడుతుంది. బ్రేకులు, టైర్లు, నడిపే తీరు కుదిరిన తర్వాత రీమ్యాప్ చేయించుకునేవారితో నాకు పేచీ లేదు. ముందే చేయించుకున్నవాడు స్ట్రెయిట్‌లో మిత్రులను దాటి, మలుపులో వారికి దారి ఇస్తూ, తన కారులో ఏదో లోపం ఉందని మెకానిక్ చుట్టూ తిరుగుతుంటాడు.

వ్యాసం చివర "ట్రాకుకు వెళ్ళలేనివారు తెల్లవారుజామున ఔటర్ రింగ్ రోడ్డు మీద సాధన చేయవచ్చు" అన్న ధోరణిలో వచ్చిన వాక్యాన్ని మీరు ఉపసంహరించుకోవాలని కోరుతున్నాను. చట్టం, ఇతరుల ప్రాణాలు అన్న ప్రధానమైన మాట ఎలాగూ ఉంది. సాధన అన్న కోణంలో చూసినా అది వృథాయే, ఎందుకంటే పైన చెప్పిన ఏ నేర్పూ నేరుగా పోయే ఎనిమిది వరుసల రోడ్డు మీద అలవడదు. ట్రాకు దూరమనుకునేవారు దగ్గరలోని కార్టింగ్ ట్రాకులో గంట గడిపితే లైన్, చూపు రెండూ అంతకంటే బాగా పట్టుబడతాయి. మరో సంగతి వ్యాసంలో ఉండవలసింది: మన దేశంలో సాధారణ ప్రైవేటు కారు బీమా పాలసీలు రేసింగును, వేగ పరీక్షలను మినహాయిస్తాయి. కాబట్టి ట్రాకు మీద కారు గోడకు తగిలితే బాగుచేయించే ఖర్చు సొంత జేబులోంచే పోతుందని తెలుసుకుని వెళ్ళడం మేలు.

చివరిగా, వ్యాసంతో పాటు వేసిన పట్టికలో కార్ల పేర్లు, హార్స్‌పవర్, ల్యాప్ టైములు ఇచ్చారే గానీ, ఏ కారుకు ఏ రకం టైర్లు ఉన్నాయో, ఆ టైములు ఏ నెలలో, రోజులో ఏ వేళ నమోదయ్యాయో చెప్పలేదు. జనవరి పొద్దున ట్రాకు టైర్లతో తీసిన టైమునూ, మే నెల మధ్యాహ్నం మామూలు రోడ్డు టైర్లతో తీసిన టైమునూ పక్కపక్కన పెడితే ఆ పోలికకు విలువ లేదు. ఆ వివరాలు మీ ప్రతినిధి దగ్గర ఉంటే వచ్చే ఆదివారం ప్రచురించగలరు, లేకుంటే పట్టికను సవరించగలరు.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
నెల్లూరు